తలుపు మీద ఇంటూ

తుమ్మిగుడ ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి ఆడపిల్లలు ఎక్స్‌ని ఎక్స్ అనేవారు కాదు, ఇంటూ అనేవారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. పలక పట్టిన నాటి నుంచీ తప్పు రాసినప్పుడల్లా దాని మీద పడింది ఆ గుర్తే. సరిగ్గా రాస్తే రైటు మార్కు, లేకపోతే ఇంటూ మార్కు. అలాంటి ఇంటూని పదో తరగతిలో బోర్డు నడిమధ్య కూర్చోబెట్టి, దీని విలువ కనుక్కోండర్రా అంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? తల దించుకుంటారు. తుమ్మిగుడ పిల్లలు అదే చేశారు.

"లెక్క సెయ్యకముందే తప్పెట్టేసినారు గదా మేడం," అంది ఒకరోజు రత్నాలు.

లెక్కల టీచరు క్యాథరిన్‌కి ఆ మాట చెంప మీద కొట్టినట్టయింది. ఆవిడ సాలూరు మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగిన మనిషి. ఆదివారం పాటలకీ సోమవారం లెక్కలకీ ఒకటే గొంతు వాడేది. ముక్కు మీద కోపం, చేతిలో ఎర్ర పెన్ను. ఆ పెన్నుతో తాను ఇన్నాళ్ళూ పిల్లల నోటుపుస్తకాల నిండా బీజగణితాన్ని తిట్టుగా రాస్తూ వచ్చిందని అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? ప్రపంచమంతా ఎక్స్ అంటుంటే తానొక్కతీ మార్చలేదు కదా.

అదీకాక టైము లేదు. తుమ్మిగుడలో పదో తరగతిని ఉంచాలా, తీసేసి ఘాట్ రోడ్డు అవతలి బడిలో కలిపెయ్యాలా అన్నది ఆ జనవరిలో తేలిపోతుంది. డివిజన్ ఆఫీసరు గారు స్వయంగా వచ్చి లెక్కల క్లాసు చూసి తేలుస్తారట. కలిపేస్తే ఏమవుతుందో ఎవరూ జోస్యం చెప్పక్కర్లేదు. రత్నాలు తండ్రి గాసి ముందే బడి కంచె దగ్గర నిలబడి చెప్పేశాడు.

"ఇక్కడుంటే సదువుకుంటాది మేడం. అక్కడికైతే నాను పంపను. కాఫీ ఏరడానికి నాకూ మనిసి కావాల."

గాసి కోపంగా చెప్పలేదు, వాన వస్తుందని చెప్పినట్టు చెప్పాడు. అందుకే క్యాథరిన్‌కి భయం వేసింది. మిగతా పిల్లల తండ్రులు కూడా గాసి వెనకే నడుస్తారు. కానీ ఆవిడకి రాత్రి నిద్ర పట్టనివ్వనిది మాత్రం రత్నాలే. నిలదీసి అడిగే పిల్ల క్లాసులో ఆ ఒక్కతే మరి.

సరిగ్గా అప్పుడే పరిశోధకులు దిగారు.

కిరండోల్ పాసింజరు రైల్లో అరకు వచ్చి, అక్కణ్ణుంచి జీపులో తుమ్మిగుడ చేరారు ఇద్దరు. పెద్దాయన డాక్టర్ సర్వేశ్వరరావు. ఉన్నత పాఠశాలల్లో బీజగణిత బోధనని బాగుచేసే ప్రాజెక్టుకి ఆయనే అధిపతి. చలికి మంకీ క్యాప్ పెట్టుకుని, దాని మీంచి కళ్ళజోడు పెట్టుకునేవాడు. రెండో మనిషి మాధవి, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. చార్టులు, స్కెచ్ పెన్నులు, టేప్ రికార్డరు మొయ్యడం ఆమె వంతు. బడి ఆవరణలోనే ఉన్న గెస్టు రూములో ఇద్దరికీ చెరో వైపు మంచాలు వేసి మధ్యలో చార్టులు తెరగా కట్టారు.

"ఇక్కడ మేము చెప్పేవాళ్ళమూ కాదు, మీరు వినేవాళ్ళూ కాదు," అన్నాడు సర్వేశ్వరరావు. "టీచరే సహ పరిశోధకురాలు. పాఠం కలిసి తయారుచేస్తాం, కలిసి చూస్తాం, కలిసి దిద్దుకుంటాం."

క్యాథరిన్‌కి ప్రాణం లేచొచ్చింది. సహ పరిశోధకురాలు అంటే పొద్దున్నే టీ పంపించే మనిషి అని రెండో రోజుకి అర్థమైంది గానీ, అప్పటికి ఆవిడ ఆశపడిపోయింది. ఇంటూ గొడవ మొత్తం చెప్పింది. సర్వేశ్వరరావు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అద్భుతమైన సమస్య" అన్నాడు. సమస్యని అద్భుతం అనేవాళ్ళని ఆవిడ చూడటం అదే మొదలు.

మొదటి ప్రయత్నంగా ఎక్స్ బదులు పెట్టె పెట్టారు. నిజమైన పెట్టెనే, రేకుది. సర్వేశ్వరరావు దాన్ని బల్ల మీద పెట్టి, "ఇందులో ఏముందో మనకి తెలీదు అనుకుందాం," అన్నాడు.

"తీస్తే తెలుస్తాది గదా సారూ," అంది రత్నాలు.

"తియ్యకూడదు. అనుకోవాలి."

"తీసేదానికి అనుకోడం దేనికి సారూ?"

ఆ ప్రశ్నకి ఆయన జవాబు వెతుక్కునేలోగా రత్నాలు వచ్చి మూత తీసింది. లోపల ఆయన గడ్డం గీసుకునే సామాను, సగం తిన్న బిస్కెట్ల ప్యాకెట్టు ఉన్నాయి. బిస్కెట్లు లెక్కపెట్టి పిల్లలు జవాబు చెప్పేశారు. పాఠం అయిపోయింది. క్యాథరిన్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. సర్వేశ్వరరావు మాత్రం ఏమీ చిన్నబుచ్చుకోకుండా "అన్వేషణా దృక్పథం మెండు" అని రాసుకున్నాడు.

దారి చూపింది మాధవి. ఆమె అడిగిన ప్రశ్న చాలా మామూలుది. "ఈ గుర్తుని బడిలో కాకుండా ఇంకెక్కడైనా చూశారా?"

"మా ఇంటి తలుపు మీద ఉంది," అంది రత్నాలు. "పోయినేడు పోలియో ఆళ్ళొచ్చినప్పుడు మా తమ్ముడు అమ్మతో కొండకెల్లిపోనాడు. తలుపు మీద ఇంటూ ఎట్టేసినారు. మా అయ్య, ఏటి తప్పు సేసినామని దెబ్బలాడినాడు. తప్పు కాదంట మేడం. గుంటడున్నాడు గానీ అగుపడనేదు, మళ్ళీ వచ్చి ఎతకాల అని గుర్తంట."

పోలియో చుక్కలు వేసేవాళ్ళు ఇల్లిల్లూ తిరుగుతూ, పిల్లలందరికీ వేసిన ఇంటి తలుపు మీద పి అక్షరం, ఎవరైనా మిగిలిపోతే ఇంటూ గుర్తు రాసి వెళ్తారు. ఏజెన్సీలో ఏ తలుపు చూసినా ఆ రాతలే. క్యాథరిన్ రోజూ వాటి మధ్య నుంచే బడికి నడిచి వచ్చేది. ఒక్కసారీ ఆలోచించలేదు.

ఉన్నాడు గానీ కనబడలేదు, మళ్ళీ వచ్చి వెతకాలి. ఎక్స్ అంటే అంతే కదా. బి.ఎడ్. కాలేజీలో ఆవిడకి చెప్పినవాళ్ళెవరూ ఇంత తేటగా చెప్పలేదు. ఆవిడ చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద ఒక తలుపు గీసింది. దాని మీద ఎక్స్ ప్లస్ మూడు ఈజ్ ఈక్వల్‌టు ఐదు అని రాసింది.

"ఈ ఇంట్లో పిల్లలు ఐదుగురు. ముగ్గురికి చుక్కలు పడ్డాయి. కనబడనోళ్ళు?"

"ఇద్దరు," అన్నారు పిల్లలందరూ.

రెండు తలుపులు గీసింది. రెండిళ్ళలోనూ కనబడనివాళ్ళు సమానం, బయట ఆడుకుంటున్నవాళ్ళు ముగ్గురు, మొత్తం పదకొండు. వెనక బెంచీలో కూడా చేతులు లేచాయి. నాలుగు, నాలుగు అని గోల. వాళ్ళు తల దించుకోకపోవడం చూసి ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దగ్గు వచ్చినట్టు నటించి కొంగుతో తుడుచుకుంది.

అంతటితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ పరిశోధన అన్నాక ఆగడం ఉండదు.

"బోర్డు మీద తలుపు గియ్యడమేమిటి?" అన్నాడు సర్వేశ్వరరావు. "ఊరినిండా తలుపులుంటే. సోమవారం ఆఫీసరు గారి ముందు పిల్లలు ఊళ్ళో నడుస్తూ సమీకరణాలు సాధిస్తారు. గడప గడపకీ బీజగణితం."

శనివారం మధ్యాహ్నం ఆయన చాక్‌పీసుల డబ్బాతో ఊరి మీద పడ్డాడు. వెనక మాధవి, ఆ వెనక క్యాథరిన్. నిజం లెక్కలు రాస్తే జవాబు ఒకటో రెండో వస్తుంది, పదో తరగతి స్థాయికి చాలదని ఆయన అంకెలు పెంచాడు. సోములమ్మ అనే ముసలావిడ ఒక్కతే ఉండే గుడిసె తలుపు మీద మూడు ఎక్స్ మైనస్ నాలుగు ఈజ్ ఈక్వల్‌టు పదిహేడు అని రాశాడు. గాసి మేకల పాక తడికెనీ వదల్లేదు, చర్చి తలుపునీ వదల్లేదు. చివరికి తాము ఉంటున్న గెస్టు రూము తలుపు మీద, రుణసంఖ్య కూడా ఉంటే బాగుంటుందని ఎక్స్ ప్లస్ ఐదు ఈజ్ ఈక్వల్‌టు మూడు అని రాసి చేతులు దులుపుకున్నాడు.

"సార్, సోమవారం పోలియో వాళ్ళు కూడా ఇళ్ళకి వస్తారు," అంది క్యాథరిన్.

"వస్తే ఏమండీ? వాళ్ళది వేరే శాఖ కదా."

ఆ మాటతో ఆవిడకి ధైర్యం వచ్చింది. ప్రభుత్వంలో వేరే శాఖ అంటే వేరే దేశమే అని ఆవిడ అనుభవం కూడా.

సోమవారం పొద్దున్న ఆఫీసరు గారు వచ్చి, బడి వరండాలో కుర్చీలో కూర్చుని, శాలువా సర్దుకుని టీ అందుకునేసరికి గేటు దగ్గర జీపు ఆగింది. అందులోంచి పోలియో సూపర్‌వైజరు బుజ్జిబాబు దిగాడు. బొబ్బిలి వైపు మనిషి, ఆ ఉద్యోగంలో కొత్తగా చేరాడు. అతనికి ముందున్న సూపర్‌వైజరుకి ఒక్క పిల్లవాణ్ణి వదిలేసినందుకు మెమో ఇచ్చారు. పాపం బుజ్జిబాబు తెల్లారగానే తుమ్మిగుడ వీధిలో అడుగుపెట్టి, ప్రతి తలుపు మీదా ఇంటూ చూసి, పక్కన ఏవో అంకెలు కూడా చూసి, అప్పటికప్పుడు పైకి కబురు చేసేశాడు. తర్వాత మనుషుల్నీ మందు డబ్బాల్నీ వెంటేసుకుని వచ్చాడు.

"ఈ ఊళ్ళో తలుపుల మీద ఇంటూలు ఎవరు పెట్టారండీ?" అని అడిగాడు.

"నేనే," అన్నాడు సర్వేశ్వరరావు సంతోషంగా. "అది తెలియని రాశి."

"తెలియని పిల్లలు ఎంతమందండీ?"

"పిల్లలు కాదు, ఎక్స్."

"అదేనండీ. ఎక్స్ ఎక్కడున్నారు?"

"ఎక్స్ ఎక్కడా ఉండదయ్యా. ఉందనుకుంటాం."

బుజ్జిబాబు ముఖం మాడిపోయింది. "అనుకుంటే నా రిపోర్టు ఎలా అండీ? తలుపు మీద ఇంటూ ఉంటే పిల్లాణ్ణి చూపించి, వేలికి సిరా గుర్తు పెట్టి, అప్పుడే పి రాయాలండీ. రూలు."

క్యాథరిన్ ముందుకొచ్చింది. "అవి లెక్కల పాఠం కోసం రాసినవండీ. తడిగుడ్డ తెచ్చి చెరిపేస్తాం."

"చెరిపారో, నేను పిల్లల్ని దాచేశానంటారండీ. పైనుంచి చూడ్డానికి ఒకాయన బయల్దేరిపోయాడు. ఆయన మీ పాఠం చూడడు, తలుపు చూస్తాడు." అతను దాదాపు ఏడుస్తున్నాడు. "ఏ ఇంటికి ఎంతమందో చెప్పండి చాలు. మూడు ఎక్స్ మైనస్ నాలుగు అంటే ఎంతమందండీ?"

"ఏడుగురు," అంది వరండా మెట్ల దగ్గర నిలబడ్డ రత్నాలు.

వరండాలో అందరూ ఆమె వైపు చూశారు. ఆఫీసరు గారు టీ కప్పు కింద పెట్టారు.

ఆ తర్వాత తుమ్మిగుడలో జరిగింది ఏ శాఖ పాఠ్యప్రణాళికలోనూ లేదు. పదో తరగతి పిల్లలు ముందు, బుజ్జిబాబు వెనక, ఆ వెనక ఊళ్ళో ఉన్న బుడతలంతా. తలుపు దగ్గర ఆగడం, ఒక పిల్ల సమీకరణం సాధించడం, అంతమంది బుడతల్ని ఆ గడప ముందు నిలబెట్టడం. చుక్కలు మాత్రం ఒక్కసారే వేశారు, బుజ్జిబాబు ఆ మాత్రం మనిషి. సిరా మాత్రం ఇంటికొక వేలికి పడింది. ఊళ్ళో ఉన్న బుడతలు గుప్పెడు మంది, కావలసినవాళ్ళు ఊరి జనాభా కన్నా ఎక్కువ. ఒక గడప దగ్గర లెక్కకొచ్చినవాళ్ళే రెండో గడపకి పరుగెత్తేవారు. వేళ్ళన్నీ అయిపోయి అరచేతుల్లోకి వచ్చింది. రత్నాలు తమ్ముడైతే మోచేతుల దాకా నీలంగా తయారై, తనని మించినవాడు లేడన్నట్టు తిరిగాడు.

సోములమ్మ గుడిసె ముందు ఏడుగురిని నిలబెట్టారు. ముసలావిడ బయటికొచ్చి చూసింది.

"ఏడుగురా. నాకొక్కరైనా సెప్పనేదే," అని లోపలికెళ్ళి ఏడుగురికీ బెల్లం ముక్కలు తెచ్చింది.

మేకల పాక తడికె మీది లెక్కకి తొమ్మిది వచ్చింది. "తొమ్మిదిమంది పిల్లలు," అన్నాడు బుజ్జిబాబు నీరసంగా.

"ఉన్నాయి బాబూ, తొమ్మిదీ ఉన్నాయి," అని గాసి తడికె తీశాడు. తొమ్మిది మేకపిల్లలు బయటికొచ్చాయి. బుజ్జిబాబు సిరా పెన్ను వైపు చూశాడు, ఒక మేకపిల్ల గిట్ట వైపు చూశాడు. ఆఫీసరు గారు గట్టిగా దగ్గారు. బుజ్జిబాబు పెన్ను వెనక్కి తీసుకుని పి రాసేశాడు.

క్యాథరిన్ వాళ్ళ వెనకే నడిచింది. తాను నేర్పిన పిల్లలు ఒక్కొక్కరే తలుపు ముందు నిలబడి, పెదాలు కదుపుతూ, అటు అంకెని ఇటు తెచ్చి, భాగించి, జవాబు చెబుతున్నారు. ఒక్కరూ తప్పలేదు. ఆవిడ చేతిలో ఎర్ర పెన్ను ఉంది గానీ దానికి పనిలేదు. ఉద్యోగంలో చేరాక అంత సంతోషం ఆవిడకి ఎప్పుడూ కలగలేదు. ఆ సంతోషం ఇలాంటి పిచ్చి ఊరేగింపులో దొరకాలా అని కోపం కూడా వచ్చింది.

చివరికి గెస్టు రూము తలుపు మిగిలింది.

రత్నాలు చూసింది. మళ్ళీ చూసింది. "మైనస్ రెండు," అంది.

"మైనస్ రెండంటే?" అన్నాడు బుజ్జిబాబు. "ఇద్దరు లేరనా?"

"కాదు సార్." రత్నాలు తలుపు మీది అంకెల్ని వేలితో చూపించింది. "ఈ ఇంట్లో ఉండాల్సినోళ్ళు ముగ్గురే, ఉన్నోళ్ళు ఐదుగురు. అంటే ఇద్దరు ఎక్కువున్నారు. ఆ ఇద్దర్నీ పంపించేస్తే సరిపోతాది."

మాధవి చార్టు చాటుకెళ్ళి నవ్వింది. సర్వేశ్వరరావు మంకీ క్యాప్ సర్దుకుని, రుణసంఖ్యకి స్థానిక అన్వయం అని శ్రద్ధగా రాసుకున్నాడు. ఆయన నిజంగా సంతోషించాడు. అలాంటి మనిషిని ఎవరైనా ఏమంటారు? పి రాయడానికి ఇద్దరూ బయటికి రావాలని బుజ్జిబాబు పట్టుబడితే, ఆ పూటే సామాను సర్దుకుని పాసింజరుకి బయల్దేరారు.

ఆఫీసరు గారు వరండాకి తిరిగొచ్చి కూర్చున్నారు. క్యాథరిన్ ఎదురుగా నిలబడింది. కంచె అవతల గాసి కూడా వచ్చి నిలబడ్డాడు.

"పిల్లలు లెక్కలు బాగానే చేస్తున్నారమ్మా," అన్నారు ఆఫీసరు గారు. "నా కళ్ళతో చూశాను. కానీ నా రిపోర్టులో దానికి కాలమ్ లేదు. మార్చి పరీక్షల ఫలితాలకే కాలమ్ ఉంది, ఆ పరీక్షలు ఇంకా జరగలేదు. పాత ఫలితాలు చూస్తే పదో తరగతిని తీసెయ్యాల్సిందే."

క్యాథరిన్‌కి కంచె వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

"అయితే," అన్నారాయన బుజ్జిబాబు ఇచ్చిన మొత్తం చూస్తూ, "ఐదేళ్ళలోపు పిల్లలు ఇంతమంది ఉన్నారని ఆరోగ్యశాఖ లెక్క తేల్చింది. వీళ్ళంతా రేపు బడికి రావాల్సినవాళ్ళే. ఇలాంటి ఊళ్ళో పదో తరగతి ఎత్తేస్తే నన్ను అడుగుతారు. ఉండనివ్వండి. రెండో సెక్షనుకి కూడా రాస్తాను."

"సార్, ఆ పిల్లలు..." అని మొదలుపెట్టింది క్యాథరిన్. అబద్ధం ఆడకూడదని ఆవిడకి చిన్నప్పుడే గట్టిగా నేర్పారు.

"పి పడిపోయిందమ్మా. పి పడ్డాక ఉన్నట్టే," అని ఆయన లేచి శాలువా దులుపుకుని జీపెక్కారు.

ఆవిడ వరండాలో అలాగే నిలబడిపోయింది. సిగ్గుగా ఉంది, గెంతాలని కూడా ఉంది. గాసి కంచె దాటి లోపలికి వచ్చాడు.

"ఏటన్నాడు మేడం? ఉంచుతాడంటా?"

"ఉంచుతాడు. బుజ్జిబాబు లెక్కలో పిల్లలు అంతమంది ఉన్నారట."

"ఆ పిల్లలందరికోసమా?"

"అవును."

"ఆ పిల్లలు నేరు గదా మేడం."

ఆవిడ నోటికొచ్చింది అనేసింది. "ఉన్నారనుకుందాం గాసీ."

గాసి పెరటి వైపు తిరిగాడు. అనుకోవడం అతనికి అలవాటు లేని పని. పెరట్లో రత్నాలు నీలం చేతుల తమ్ముణ్ణి కుళాయి కింద కూర్చోబెట్టి రుద్దుతోంది.

"అయితే మా గుంట ఇక్కడే ఉంటాది," అన్నాడు. "నేని పిల్లలకి కలాసు ఇచ్చినారు. ఉన్న పిల్ల కూకోపోతే బాగోదు గదా."